కువైటు తాళం

దాదాపీర్ అరవై ఆరో ఏట తాళాలు తెరవడం నేర్చుకున్నాడు. దొంగతనానికి కాదు, పొద్దుపోవడానికి. కర్నూలు లారీ షెడ్డులో నలభై ఏళ్లు స్పానర్ పట్టిన చేతులవి. మోకాలికి ఆపరేషన్ అయి నందికొట్కూరులో ఇంటిపట్టున కూర్చున్నాక ఏం చెయ్యాలో తెలియక ఆ చేతులు మంచం నులకను పీకడం మొదలుపెట్టాయి. అప్పుడు సెల్లులో ఒక వీడియో కనబడింది. ఎవరో తెల్లవాడు తాళంచెవి లేకుండా రెండు పుల్లలతో తాళం తీస్తున్నాడు. దాదాపీర్‌కు వాడి మాట అర్థం కాలేదు. చేతులు అర్థమయ్యాయి.

లారీ వైపర్లలో ఉండే ఉక్కు పట్టీలు లాగి, ఆకురాయితో అరగదీసి రెండు పుల్లలు చేసుకున్నాడు. ఒకటి తిప్పుడు పుల్ల. తాళంచెవి దూరే గుండ్రటి బొడ్డును ఒక పక్కకు వత్తి పట్టుకోవడానికి అది. రెండోది ఎత్తుడు పుల్ల. లోపల ఉండే పిన్నులను ఒక్కొక్కటిగా పైకి లేపడానికి. ఎడమచేయి వత్తుతుంటే కుడిచేయి ఎత్తాలి. రెండు చేతులూ ఒకదాని మాట ఒకటి వినాలి. పాతసామాన్ల అంగట్లో తూకానికి తెచ్చిన తాళాలన్నీ రెండు నెలల్లో ఆయన మాట విన్నాయి.

ఆ తర్వాత దొంగలను మోసం చేయడానికే తయారుచేసిన తాళాలు ఎదురుపడ్డాయి. వాటిలో పిన్నులు తిన్నగా ఉండవు. నడుమ సన్నగా కోసి, దారం రీలు మాదిరి ఉంటాయి. ఎత్తుతుంటే బొడ్డు వెంట్రుకవాసి తిరుగుతుంది. తెరుచుకుంది అనిపిస్తుంది. తెరుచుకోదు. పిన్ను నడుము దగ్గర పట్టేసుకుంటుంది. ఎంత గట్టిగా తిప్పితే అంత గట్టిగా పట్టుకుంటుంది. దీనికి దాదాపీర్ ‘ఉత్త తెరుపు’ అని పేరు పెట్టుకున్నాడు. నాలుగు నెలలు ఆ ఉత్త తెరుపు దగ్గరే ఆగిపోయాడు. చివరికి ఒకనాడు కిటుకు అందింది. బొడ్డు తిరిగినప్పుడు సంబరపడి వత్తకూడదు. ఎడమచేతి పట్టు కొంచెం సడలించి, తిరిగినదాన్ని కాస్త వెనక్కి పోనివ్వాలి. పోనిస్తూనే కుడిచేత్తో ఆ పిన్నును లేపాలి. వదిలితేనే వస్తుంది.

ఆయన భార్య మాబీ తాళాల జోలికి వచ్చేది కాదు. ఆయన వాకిట్లో కూర్చుని టిక్కుటిక్కుమనిపిస్తుంటే చేట తీసుకుని గోడ అవతలకు పోయేది. ఆ ఇంటి తలుపుకు ముప్పై ఒక్క ఏళ్లుగా ఎవరూ తాళం వెయ్యలేదు. పెళ్లికి పోయినా, చావుకు పోయినా తలుపు దగ్గరికి లాగి పోయేవాళ్లు. ఎందుకని వీధిలో ఎవరూ అడగరు. పాతవాళ్లకు తెలుసు. కొత్తవాళ్లకు పాతవాళ్లు చెప్పారు.

అడిగే చనువు ఉన్నవాడు లేవి ఒక్కడే. ఆర్టీసీలో కండక్టరుగా చేసి దిగినవాడు. దాదాపీర్ ఇన్నేళ్లూ షెడ్డుకు పోయివచ్చింది అతని బస్సులోనే. టీ అంగడి దగ్గర బల్ల మీద కూర్చుని లేవి అందరూ వినేటట్లు అనేవాడు.

“ఏమప్పా దాదాపీరూ, మోకాలు పోయినంక దొంగతనం నేర్సుకుంటాండావే, పరిగెత్తేదెట్ల?”

దాదాపీర్ టీ తాగేసి లేచిపోయేవాడు. ఆయన దగ్గర మాటలు తక్కువ. ఆ తక్కువ మాటలు కూడా ఎక్కువగా తాళాలతోనే.

ఊరికి రెండు మైళ్ల దూరంలో గుట్ట మీద ఒక దర్గా ఉంది. దాని చుట్టూ ఇనుప కమ్మీల కంచె. ఆ కమ్మీల నిండా తాళాలు. ముసల్మానులే కాదు, అన్ని కులాలవాళ్లూ వచ్చి, మనసులో ఒకటి అనుకుని, కమ్మీకి తాళం వేసి, తాళంచెవి పక్కనున్న ఎండిపోయిన దిగుడుబావిలో పారేస్తారు. ఆ తాళం ఎప్పుడు దానంతట అది తెరుచుకుంటే అప్పుడు ఆ మొక్కు దర్గాలోని సాయిబు విన్నట్టు. తుప్పు పట్టి కొన్ని తెరుచుకుంటాయి. గాలివానకు కొన్ని ఊడతాయి. తెరుచుకున్నదాన్ని దర్గా చూసుకునే ముజావరు నిస్సార్ చింతపండుతో తోమి, ఆకుపచ్చ గుడ్డలో చుట్టి, గురువారం నాడు చక్కెర చదివించి, పుస్తకంలో పేరు చూసి, వేసినవాళ్ల చేతిలో పెడతాడు.

దాదాపీర్ అక్కడికి పోయింది మొక్కు కోసం కాదు. ఇంట్లో తాళాలు అయిపోయాయి. మిట్టమధ్యాహ్నం నిస్సార్ నమాజుకు ఊర్లోకి దిగిపోతాడు. ఎండకు కుక్క కూడా గుట్ట ఎక్కదు. దాదాపీర్ కర్ర ఊతంతో ఎక్కి, కమ్మీల కింద నీడపట్టున కూర్చుని, ఒక తాళం తెరిచేవాడు, మళ్లీ నొక్కేసేవాడు. ఎవరి మొక్కుకూ చెరుపు చేయలేదు అన్నది ఆయన లెక్క.

అన్నిటికన్నా కింది వరుసలో ఒకటి ఉండేది. పిడికిలంత తాళం. పచ్చటి చిలుము పట్టి మట్టిగడ్డలాగా ఉంది. మొదటిరోజు కిరసనాయిలు పోసి వచ్చాడు. రెండోరోజు కుట్టుమిషను నూనె పోసి పుల్ల పెట్టాడు. పుల్ల పెట్టగానే తెలిసింది, ఇది మన దేశపు సరుకు కాదు. ఆరు పిన్నులు. అందులో నాలుగు నడుము కోసినవి. మూడోరోజు చొక్కా విప్పి పక్కన పెట్టి పనికి కూర్చున్నాడు. బొడ్డు వెంట్రుకవాసి తిరిగింది. ఆయన ఊపిరి బిగబట్టి ఎడమచేయి సడలించాడు. ఒక పిన్ను లేచింది. మళ్లీ తిరిగింది. మళ్లీ సడలించాడు. నాలుగుసార్లు. నాలుగోసారి కొక్కెం టప్పున లేచింది.

దాదాపీర్ జీవితంలో అంత సంతోషం పెళ్లినాడు కూడా పడలేదు. నిజం చెప్పాలంటే పెళ్లినాడు అసలు పడలేదు.

మళ్లీ మూయబోతే కొక్కెం దిగలేదు. లోపల తుప్పు అడ్డుపడింది. రాయి పెట్టి కొట్టాడు. దిగలేదు. కింద నుంచి నిస్సార్ దగ్గు వినబడింది. తాళాన్ని తెరిచింది తెరిచినట్టే కమ్మీకి వదిలేసి, చొక్కా చంకన పెట్టుకుని వెనకదారిన దిగిపోయాడు.

గురువారం పొద్దున నిస్సార్ ఇంటికే మనిషిని పంపాడు. మాబీ తాళం తెరుచుకుంది, ముప్పై ఒక్క ఏళ్ల తర్వాత.

ఆమె అక్కడ తాళం వేసిందన్న సంగతే దాదాపీర్‌కు తెలియదు. ఆమె కొంగు కూడా సర్దుకోకుండా పరిగెత్తింది. మధ్యాహ్నానికి ఆకుపచ్చ గుడ్డ మూటతో వచ్చి, ఆయన ముందే విప్పింది. చింతపండు పడి ఇత్తడి మెరుస్తోంది. దాని మీద అరబ్బీ అక్షరాలు. దాదాపీర్ చూశాడు. చిలుము కింద తన వేళ్లు పోల్చుకోలేనిదాన్ని ఇప్పుడు కళ్లు పోల్చుకున్నాయి. ఆయన అన్న కువైటు నుంచి తెచ్చిన తాళం అది. ఇదే తలుపుకు వేసిన తాళం.

అప్పట్లో ఈ ఇల్లు ఊరి చివర. పడుచు పెళ్లాం, రెండేళ్ల పాప ముబీనా. దాదాపీర్ పొద్దున షెడ్డుకు పోతూ ఇద్దరినీ లోపల పెట్టి తాళం వేసి పోయేవాడు. సాయంత్రం వచ్చి తీసేవాడు. ఎవరైనా అడిగితే కాలం మంచిది కాదనేవాడు. ఒక ఏప్రిల్ నెలలో పాపకు వాంతులు, భేదులు పట్టుకున్నాయి. ఆ పొద్దు కడవలో నీళ్లు కూడా లేవు. చుట్టుపక్కల అందరూ పనులకు పోయారు. గొర్రెలు తోలుకుపోతున్న భీమక్క అనే ముసలామె ఏడుపు విని, రాళ్లతో కొట్టి చూసి, చాతకాక, బస్టాండుకు ఉరికి లేవికి చెప్పింది. లేవి బస్సు కర్నూలులో ఆపి షెడ్డుకు పోయి చెప్పాడు. దాదాపీర్ లారీ కింద ఉన్నాడు. కింద నుంచి బయటకు కూడా రాలేదు. బయటికి పోవాలన్నప్పుడల్లా మాబీ ఏదో ఒక సాకు చెబుతుందని, సాయంత్రం చూద్దామని చెప్పి పంపాడు. పొద్దుగూకేముందు కూలికి పోయినవాళ్లు తిరిగివచ్చి గడ్డపారతో గడియ ఊడబెరికారు. అప్పటికి పాప చల్లబడిపోయింది.

ఆ తర్వాత వాళ్లకు పిల్లలు కాలేదు. ఆ దినం గురించి ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. మాబీ తన మీద కోపం పెట్టుకుందని దాదాపీర్ అనుకుంటూ వచ్చాడు. ఆ కోపం ఆయనకు అలవాటైపోయింది, ఇంట్లో ఒక కుర్చీలాగా.

ఆ గురువారం తెలిసింది, కోపం తన మీద కాదని. మాబీ దర్గా దగ్గర ఆడవాళ్లందరికీ చెప్పింది. తలుపు బయట తాళం తన చేతికి అందింది. అంది కూడా తెరవలేకపోయింది. తన చేతులకు చాతకాకనే బిడ్డ పోయింది. ఆ తాళం ఎప్పుడు దానంతట అది తెరుచుకుంటే అప్పుడు బిడ్డ తనను మన్నించినట్టని మొక్కుకుంది. అందాకా తీపి తిననని బెల్లం మానేసింది. ఆ సాయంత్రం ఆమె వాకిట్లో కూర్చుని, అరచేతిలో బెల్లం ముక్క పెట్టుకుని, చాలాసేపు చూసి, నోట్లో వేసుకుంది. ముప్పై ఒక్క ఏళ్లలో ఆమె నవ్వు దాదాపీర్ చూడడం అదే మొదలు. పైపళ్లు రెండు లేవని కూడా అప్పుడే చూశాడు.

ఆయన చెయ్యాల్సింది ఒక్కటే. నోరు మూసుకోవాలి. జీవితమంతా చేసిన పనే.

తొమ్మిది రోజులు చేశాడు. కానీ ఊరు ఊరుకోలేదు. ఆడవాళ్లు వచ్చి మాబీ చేతులు కళ్లకద్దుకున్నారు. నిస్సార్ ఆ తాళం కథ గుట్ట ఎక్కినవాళ్లందరికీ చెప్పడం మొదలుపెట్టాడు. అంత గట్టి తాళం నరమానవుడు తియ్యలేడని, తీసినవాడు సాయిబేనని. టీ అంగట్లో అదే మాట. దాదాపీర్ గాజు గ్లాసు పట్టుకుని వింటూ కూర్చునేవాడు. ఆరు పిన్నులు, నాలుగు నడుము కోసినవి, మూడు మధ్యాహ్నాల పని. ఇంకొకడు ఈ జిల్లాలో చెయ్యలేడు. ఒక్కరికీ చెప్పడానికి లేదు.

పదోరోజు లేవి అన్నాడు.

“సాయిబు చెయ్యి కూడా పెట్టకుండా తీసినాడప్పా. నువ్వేమో నెలలు నెలలు పుల్లలతో గోకుతాండావు. పోయి ఆయప్ప దగ్గర శిష్యరికం చెయ్యరాదా?”

బల్ల మీద వాళ్లందరూ నవ్వారు. దాదాపీర్ గ్లాసు పెట్టేసి ఇంటికి వచ్చాడు. మాబీ బియ్యం చెరుగుతోంది.

“ఆ తాళం తెరిసింది సాయిబు కాదు. నేను,” అన్నాడు.

ఆమె నమ్మలేదు. ఎందుకు ఎకసెక్కాలాడతావని నవ్వింది. ఆ నవ్వుకు ఆయనకు ఇంకా మండింది. గూట్లోంచి తాళం తెచ్చి, నూనె వేసి, టప్పున మూశాడు. డబ్బాలోంచి పుల్లలు తీసి, ఆమె ముందు గొంతుకూర్చున్నాడు. మోకాలు కలుక్కుమన్నా లెక్కచెయ్యలేదు. పెళ్లయిన నాటి నుంచి ఆమెతో మాట్లాడిన దానికన్నా ఎక్కువ ఆ కాసేపట్లో మాట్లాడాడు.

“సూడు. ఈడ కొంచెం తిరుగుతాది. తెర్సుకున్నట్టే ఉంటాది. ఇది ఉత్త తెరుపు. తెలీనోళ్లు వచ్చె వచ్చె అని గట్టిగా తిప్పుతారు. అంతే, పట్టేసుకుంటాది. ఒదలాల. కొంచెం ఒదిలితేనే వస్తాది.”

కొక్కెం లేచింది. మాబీ చేట పక్కన పెట్టింది. ఆమె ముఖంలో నవ్వు ఎప్పుడు పోయిందో ఆయన చూడలేదు. తాళాన్నే చూస్తున్నాడు.

“ఆ పొద్దు గూడా తిరిగె,” అంది.

“ఏంది?”

“కిటికీలోంచి చెయ్యి పెట్టి, తలపిన్నుతో తిప్పితి. కొంచెం తిరిగె. వచ్చెనమ్మా, వచ్చెనమ్మా అని బిడ్డకు చెప్తి. పొద్దుగూకేదాకా తిప్పుతానే ఉంటి.”

ఇక్కడ ఊరుకుని ఉంటే సరిపోయేది. కానీ మాట వచ్చింది తాళం గురించి. తాళం గురించి ఆయనకు తెలుసు.

“గట్టిగా తిప్పినావు కాబట్టే రాలా. కొంచెం ఒదిలింటే వచ్చుండు.”

“తలపిన్నుతోనా?”

“తలపిన్నుతోనే. కిటుకు తెలిస్తే పది నిమిషాలు.”

మాబీ ఆయన చేతులను చాలాసేపు చూసింది. తర్వాత లేచి, బెల్లం డబ్బా పైగూట్లో వెనక్కి నెట్టి, రాత్రికి వంట చేసింది. దాదాపీర్ కడుపు నిండా తిన్నాడు. మనసు తేలిక పడింది. చెప్పాల్సింది చెప్పేశాననుకున్నాడు.

తెల్లారి ఆయన లోపల టీ తాగుతుంటే తలుపు మూసుకుంది. టప్పుమని శబ్దం వచ్చింది. ఆ శబ్దం ఏ తాళానిదో ఆయనకు చూడకుండానే తెలుసు. లేచి కిటికీ దగ్గరకు పోయాడు. పుల్లల డబ్బా వాకిట్లో మాబీ ఒడిలో ఉంది. కిటికీ అరుగు మీద ఒక తలపిన్ను ఉంది.

“ఒదిలితే వస్తాదంటివి గదా,” అంది మాబీ. “నాది గూడా ఈ కిటికీలోంచే పోయె చెయ్యి. కడవలో నీళ్లు నింపి పెట్టినా. ఆ పొద్దు నాకు లేకపోయె.”

దాదాపీర్ నవ్వాడు. ఆ తాళానికి తాళంచెవి లేదు. అది దిగుడుబావిలో మట్టి కింద ఉంది. తెరిస్తే తనే తెరవాలి. మంచిదే, చూపిస్తే ఒక పని అయిపోతుంది అనుకున్నాడు. చొక్కా విప్పి పనికి నిలబడ్డాడు.

కిటికీ కమ్మీల మధ్య నుంచి ఒక చెయ్యి మోచేతిదాకా పోతుంది. పక్కకు వంచితే వేళ్లు తాళానికి అందుతాయి. రెండో చెయ్యి పోదు. ఇంకో సందులోంచి పెడితే అందదు. చెంప కమ్మీకి ఆనించి, కంటికి కనబడని తాళంలో తలపిన్ను దూర్చి తిప్పాడు. బొడ్డు వెంట్రుకవాసి తిరిగింది. ఇప్పుడు సడలించాలి. సడలించాడు. లోపలి పిన్ను లేపడానికి ఇంకో చెయ్యి లేదు. బొడ్డు మొత్తం వెనక్కి పోయింది. మొదటికి వచ్చింది.

తలపిన్నును వంచి చూశాడు. రెండుగా విరిచి, ఒక ముక్కను చిటికెన వేలితో నొక్కిపట్టి, ఇంకోదాన్ని బొటనవేలితో లేపబోయాడు. ముక్క జారి కింద పడింది. మాబీ లేచి, దాన్ని తీసి, అరుగు మీద పెట్టి, మళ్లీ పోయి కూర్చుంది.

మధ్యాహ్నానికి పైరేకులు కాగిపోయాయి. చెయ్యి కమ్మీకి రాసుకుని మోచేయి దగ్గర తోలు లేచింది. వేళ్లు తిమ్మిరెక్కాయి. వందసార్లు తిరిగింది, వందసార్లు వెనక్కి పోయింది. అప్పటికే ఆయనకు తెలిసిపోయింది. ఒక చేత్తో ఇది రాదు. ఇప్పుడు రాదు, అప్పుడూ రాదు. ప్రపంచంలో ఎవరికీ రాదు. నిన్న చెప్పింది వాకిట్లో కూర్చుని, రెండు చేతులు ఖాళీగా ఉన్నవాడు చెప్పిన మాట.

సెల్లు తీసి లేవికి చేశాడు. సంగతి చెప్పి, గడ్డపార తెమ్మన్నాడు. అవతల లేవి అడిగాడు.

“మాబమ్మ యాడుండాది?”

“వాకిట్లోనే.”

“నీళ్లుండాయా లోపల?”

“ఉండాయి.”

“అయితే సాయంత్రం సూద్దాంలే అప్పా,” అని పెట్టేశాడు.

దాదాపీర్ సెల్లు గూట్లో పెట్టాడు. ఆ మాట ఎవరిదో ఆయనకు గుర్తుంది. లేవికి కూడా గుర్తుంది. ముప్పై ఒక్క ఏళ్లు ఒకే బల్ల మీద టీ తాగినా అతను దాన్ని దాచి పెట్టుకున్నాడు.

పొద్దు వాలుతుండగా లేవి గడ్డపార భుజాన వేసుకుని వచ్చాడు. మాబీని చూశాడు, తాళాన్ని చూశాడు, కమ్మీల మధ్య నుంచి వేలాడుతున్న చేతిని చూశాడు. అది వాచి, మోచేతి దగ్గర నెత్తురు చెమర్చి ఉంది. కిటికీ దగ్గరకు పోయి అడిగాడు.

“ఒకే మాట చెప్పప్పా. ఒంటి చేత్తో వస్తాదా, రాదా? రాదంటే రెండు పోట్లకు గడియ ఊడబెరుకుతా.”

మాబీ కూడా లేచి నిలబడింది. ఆమెకు కావలసింది కూడా ఆ మాటే అని దాదాపీర్‌కు తెలుసు. ఆయన మందమతి కాదు. రాదు అంటే చాలు. నిన్న ఆమె చేతిలోంచి లాక్కున్నది తిరిగి ఆమె చేతిలో పడుతుంది. కానీ అది అన్నాక, ఆమె చేతుల్లో తప్పు లేదని అన్నాక, ఆ తప్పు ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా. పోవడానికి ఒక్క చోటే ఉంది. అది లారీ కింద పడుకుని ఉంది. దానికి తోడు ఇన్ని నెలల విద్య, ఊర్లో ఎవరికీ రానిది, లేవి ముందు రాదని చెప్పుకోవాలి.

“వస్తాది,” అన్నాడు. “ఇంకొంచెం సేపు.”

మాబీ దగ్గరకు వచ్చింది. ఆ వాచిన చేతిని తన చేతితో తిప్పి చూసింది. చిటికెన వేలు, బొటనవేలు, తోలు లేచిన మోచేయి. పొద్దుటి నుంచి ఆ చెయ్యి ఎన్నిసార్లు తిప్పిందో ఆమె లెక్కపెడుతూనే ఉంది. తన చెయ్యి కూడా ఆ పొద్దు అచ్చం ఇలాగే ఉంది. ఆమెకు తెలియాల్సింది తెలిసిపోయింది. ఆయన చెప్పనక్కర లేకపోయింది.

“వస్తాదంట లేవన్నా,” అంది. “గడ్డపార ఆడ పెట్టు.”

లేవి గడ్డపార గోడకు ఆనించి, అరుగు మీద కూర్చుని బీడీ తీశాడు. మాబీ కొంగుముడి విప్పి, అందులోంచి బెల్లం ముక్క తీసి నోట్లో వేసుకుంది. రాత్రే కట్టుకుందో, పొద్దున్నే కట్టుకుందో. అతనికి కూడా ఒక ముక్క పెట్టింది. ఇద్దరూ కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు.

దాదాపీర్ తలపిన్ను ముక్కను మళ్లీ తాళంలో దూర్చాడు. బొడ్డు వెంట్రుకవాసి తిరిగింది.